బరంపురం, గంజాం

పెళ్ళయి హైదరాబాద్ వచ్చిన కొత్తలో "మీదే ఊరండీ?" అని ఎవరడిగినా "బరంపురం" అనేదాన్ని. వెంటనే "ఓ, బెంగాల్లో ఉంది కదా" అనేవారు. కాదండీ, ఒడిశాలోది, సముద్రం దగ్గర, మన ఇచ్ఛాపురం దాటగానే వస్తుంది అని చెబితే, "మరి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకి నిలబడి చెప్పే జవాబు నా దగ్గర ఎప్పుడూ లేదు. కూర్చుంటే చెప్పగలను. ఇవాళ కూర్చున్నాను.

బెంగాల్లో నిజంగానే ఇంకో బరంపురం ఉంది. ఇంగ్లీషులో రాస్తే ఒకటి రెండు అక్షరాలే తేడా. అందుకే మా ఊరి పేరు పక్కన "గంజాం" అని తప్పకుండా రాయాలి. గంజాం మా జిల్లా పేరు. ఆ మాట రాయకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. 1994లో డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగానికి పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇంటర్వ్యూకి రమ్మని వాళ్ళు పంపిన ఉత్తరం మీద గంజాం అని లేదు. అది ముందు బెంగాల్ వెళ్ళి, అక్కడ రెండు ముద్రలు వేయించుకుని, ఇంటర్వ్యూ తేదీ దాటిన తొమ్మిదో రోజున మా గుమ్మంలోకి వచ్చింది. నేను ఏడుస్తుంటే నాన్నగారు ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఎర్ర సిరా సీసా ఒకటి కొనుక్కొచ్చారు. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి కవరు మీదా, పంపినవారి చిరునామాలో, "గంజాం" కింద రెండు ఎర్ర గీతలు ఉండేవి. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే అలాంటి కవర్లు, రాసి పంపనివి, ఐదారు దొరికాయి.

విశాఖ నుంచి రైల్లో వస్తే మా ఊరు ఎలా మొదలవుతుందో బాగా తెలుస్తుంది. పలాస దాటాక కుడివైపు ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు, ఎడమవైపు దూరంగా కొండలు. సోంపేట, ఆ తర్వాత ఇచ్ఛాపురం. అక్కడి వరకూ స్టేషన్ బోర్డు మీద తెలుగు ఉంటుంది. ఆ తర్వాత వచ్చే బోర్డు మీద ఒక్కో అక్షరం నెత్తిన గొడుగు పెట్టుకున్నట్టు ఒడియా మొదలవుతుంది. పొలాలు మారవు, తాటిచెట్లు మారవు, గట్టు మీద మేకలు తోలుకెళ్ళే ముసలమ్మ చీరకట్టు మారదు. బోర్డు ఒక్కటే మారుతుంది. ఇచ్ఛాపురం నుంచి మా ఊరు పాతిక కిలోమీటర్లే. ఇప్పుడు స్టేషన్లో బ్రహ్మపుర్ అని రాసి ఉంటుంది. ఒడియావాళ్ళకి బ్రహ్మపురం, మాకు బరంపురం. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్లాడిలా మా ఊరు రెండు పేర్లకీ పలుకుతుంది.

ఈ బోర్డు మారడం వెనుక కథ చాలామంది తెలుగువాళ్ళకి తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్ళింది, దక్షిణం చివర ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట లాంటివి ఇటు మద్రాసులోనే ఉండిపోయాయి. మా మామ్మ అన్నగారి ఇల్లు ఇచ్ఛాపురంలో, ఆవిడ అత్తవారిల్లు బరంపురంలో. "నేను కాపరానికొచ్చినప్పుడు రెండూ ఒకటే జిల్లా. పెద్దాడు పుట్టేసరికి పుట్టిల్లు వేరే రాష్ట్రం అయిపోయింది" అనేది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితంలో ఎక్కువ కాలం పర్లాకిమిడిలో గడిపి, అది ఒడిశాలో కలవడం సహించలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మావాళ్ళు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళాలని అనుకున్నట్టు కూడా మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు.

మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు పుట్టింది మా ఊళ్ళోనే, 1894లో. ఆయన తండ్రి వరాహగిరి జోగయ్య పంతులు గారు అక్కడ పేరున్న ప్లీడరు. గిరి గారు మా ఖల్లికోట్ కాలేజీలోనే చదువుకుని, తర్వాత ఐర్లండ్ వెళ్ళారు. ఊళ్ళో ఆయన పేరున గిరి రోడ్డు ఉంది. చిన్నప్పుడు ఆ రోడ్డు మీద సైకిల్ నేర్చుకుంటూ పడ్డప్పుడల్లా మా తాత "రాష్ట్రపతి గారి రోడ్డమ్మా, జాగ్రత్త" అనేవారు.

మా ఇల్లు బడాబజార్ దగ్గర ఒక సన్నటి సందులో. ఆటో రాదు, రిక్షా అతికష్టం మీద వస్తుంది. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా. ఏ క్షణంలో ఏ భాష మాట్లాడుతున్నామో మాకే తెలిసేది కాదు. అమ్మ కూరలు కొనడం చూడాలి. "భాయీ, వంకాయలు కేతే?" అని ఒడియాలో ధర అడిగేది. కూరలబ్బి పల్లె నుంచి గంప మోసుకొచ్చిన ఒడియా రైతు. "కిలో ఎనిమిది అమ్మా, లేతవి, తీసుకోండి" అని తెలుగులో జవాబు చెప్పేవాడు. అమ్మ అతని భాషలో బేరమాడేది, అతను అమ్మ భాషలో ధర తగ్గించేవాడు. ఒకరి కోసం ఒకరు ఇలా ఎదురు వచ్చి మాట్లాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. హైదరాబాద్ వచ్చాక మా వారికి ఈ సంగతి చెబితే, ఇద్దరికీ రెండూ వచ్చినప్పుడు ఒకే భాషలో మాట్లాడుకోవచ్చుగా అన్నారు. ఆ ఆలోచనే మా ఎవరికీ రాలేదు.

నా చదువు ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు బడిలో ఎవరూ నేర్పలేదు. నేర్పింది చందమామ. మా ఇంటికి తెలుగు చందమామ వచ్చేది, ఎదురింటి మినీ వాళ్ళకి దాని ఒడియా పత్రిక జహ్నమాము వచ్చేది. బొమ్మలు అవే. విక్రమార్కుడి భుజం మీద శవం అదే, అదే చెట్టు, అదే మబ్బు. మినీ పత్రిక పక్కన నా పత్రిక పెట్టుకుని, ఆ బొమ్మ కింద ఒడియాలో ఏముందో చదివి, ఈ బొమ్మ కింద తెలుగులో ఏముంటుందో ఊహించేదాన్ని. రాజు అన్న మాట రెండింట్లోనూ ఎక్కడుందో వెతికి పట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది. రా కి ఒడియాలో దీర్ఘం పక్కనే నిలువు గీతలా ఉంటుంది, తెలుగులో దీర్ఘం తలమీదకి వెళుతుంది. అలా ఒక్కో అక్షరం. మూడో క్లాసు అయ్యేసరికి అమ్మ దాచుకున్న వారపత్రికలు కూడా దొంగతనంగా చదివేదాన్ని.

మా సందు వెనకే సాలెవారి మగ్గాలు. పట్టుచీరల ఊరు మాది. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ చీరలు నేసే డేరా కులం వాళ్ళు మన దేవాంగులే, కొన్ని వందల ఏళ్ళ కిందట గోదావరి వైపు నుంచి ఇక్కడి రాజు పిలిస్తే వచ్చారని చెప్పుకుంటారు. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే. మేం మగ్గం తాత అని పిలిచే ఒక పెద్దాయన ఉండేవాడు. గుంట మగ్గం. నడుము దాకా గుంటలో ఉంటాడు, కాళ్ళు కింద తొక్కుడు చెక్కల మీద. మేం గుంట అంచున కూర్చుని చూసేవాళ్ళం. అడ్డపోగుని అటూ ఇటూ మోసేది నాడె. అంచుకొక నాడె, మధ్యన ఒడలికొక నాడె. అంచు ఎర్రది, ఒడలు ఆకుపచ్చది అనుకోండి, ఆ రెండు రంగుల పోగులూ కలిసే చోట గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకోవాలి, ఒకదాని మీదకి ఒకటి పాకకూడదు. అందుకే పక్కన ఒక మనిషి కూర్చుని నాడె అందించాలి. మనవడు బడికి పోయిన రోజు ఆ పని నాకిచ్చేవాడు. "తొందర పడకు తల్లీ. నాడె వదిలే ముందు నా చెయ్యి చూడు, నా మొహం చూడకు" అనేవాడు. అలా నేస్తూ పోతే అంచు మీద గుడి గోపురాల్లా మొనలు లేస్తాయి. కుంభం అంచు అంటారు దాన్ని. ఒక్క కుంభం మొన తేలాలంటే ఎన్నిసార్లు నాడె అటూ ఇటూ పోవాలో లెక్కపెట్టబోయి ఎన్నడూ పూర్తి చేయలేకపోయాను. నా పెళ్ళిచీర ఆ మగ్గం మీదిదే. మామిడిపండు రంగు, ఎర్ర కుంభం అంచు. ఆ చీరకి నాడె అందించింది నేనేనా అంటే కాదు, అప్పటికి నాకు సిగ్గు వచ్చేసింది, ఆ గుంట దగ్గరికి వెళ్ళడం మానేశాను. వెళ్ళి ఉండాల్సింది.

ఊరి దేవత బుఢీ ఠాకురాణి. మా ఇళ్ళలో అమ్మవారు అంటే చాలు. రెండేళ్ళకోసారి చైత్రంలో ఆవిడ యాత్ర జరుగుతుంది, దాదాపు నెల రోజులు ఊరంతా నిద్రపోదు. ఈ యాత్రలో నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటుంది. అమ్మవారు గుడి నుంచి బయల్దేరి వెళ్ళేది పుట్టింటికి. ఆ పుట్టిల్లు సాలెవారి కులపెద్ద దేశీబెహెరా గారి ఇల్లు. ఆయనా ఆయన భార్యా అమ్మవారికి తల్లిదండ్రుల వరస. వెళ్ళి పిలుచుకొస్తారు, ఆ వీధిలో వేసిన పందిట్లో ఉంచుకుంటారు, యాత్ర అయ్యాక మళ్ళీ గుడికి సాగనంపుతారు. ఒడిశాలో అంత పెద్ద పట్నం, ఆ పట్నాన్ని కాచే తల్లి, ఆవిడ పుట్టిల్లు తెలుగు మాట్లాడే నేతగాళ్ళ ఇల్లు. హైదరాబాద్‌లో నన్ను రెండో ప్రశ్న అడిగిన వాళ్ళందరికీ ఇదొక్కటి చెబితే సరిపోయేది. అప్పుడు తట్టలేదు.

రాత్రిళ్ళు ఘటాలు బయల్దేరతాయి. పూలతో అలంకరించిన కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఒక్కో వీధీ తిరుగుతారు. మా సందులోకి ఘటం వచ్చేసరికి రాత్రి ఒంటిగంటో రెండో అయ్యేది. అమ్మ గుమ్మంలో ముగ్గు పెట్టి, బిందెడు పసుపు నీళ్ళు పట్టుకుని నిలబడేది. ఘటం మోసే ఆవిడ రాగానే కాళ్ళ మీద నీళ్ళు పోసి, వంగి ఆ తడి కళ్ళకద్దుకునేది. మా అమ్మ మామూలుగా గట్టి మనిషి. ఆ ఒక్క క్షణం మాత్రం కూతురు ఇంటికొచ్చినట్టు గొంతు పూడుకుపోయేది.

యాత్రలో మొక్కున్నవాళ్ళు వేషాలు వేస్తారు. రాముడు, శివుడు, కాళిక, అన్నిటికన్నా ఎక్కువగా పులి. మా తమ్ముడికి ఆరో ఏట టైఫాయిడ్ వచ్చి మనిషి చిక్కి సగమైపోతే అమ్మ పులివేషం మొక్కుకుంది. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు మొక్కు తీర్చాం. మధ్యాహ్నం భోజనం కాగానే పెరట్లో బల్ల మీద నిలబెట్టి రంగు వెయ్యడం మొదలుపెట్టారు. ముందు ఒళ్ళంతా పసుపురంగు, అది ఆరాక నల్ల చారలు. రంగు వేసేవాడు ఒక్కో చారా లాగి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చేవాడు. కడుపు మీద తెలుపు. నడుముకి వెదురు పెట్టి కట్టిన తోక. రంగు ఆరే కొద్దీ చర్మం బిగుసుకుపోతోందని వాడు ఏడుపు మొహం పెట్టాడు కానీ ఏడవలేదు, కళ్ళ కింద రంగు కరిగిపోతుందని చెప్పారుగా. సాయంత్రం డోలు మోగింది. అంతవరకూ బొమ్మలా నిలబడ్డ పిల్లాడు ఒక్కసారి మోకాళ్ళు వంచి, మెడ పక్కకి తిప్పి, నా వైపు చూశాడు. వాడు నా తమ్ముడని తెలిసి కూడా నేను రెండడుగులు వెనక్కి వేశాను. రాత్రి ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసి, రుద్ది, వేడినీళ్ళు పోసినా చెవుల వెనక పసుపు వారం రోజులు పోలేదు. ఇప్పుడు వాడికి యాభై దగ్గర. ఇప్పటికీ అమ్మ వాణ్ణి "మా పులి" అనే అంటుంది.

సముద్రం గురించి చెప్పకపోతే మా ఊరి గురించి చెప్పినట్టే కాదు. ఊరి నుంచి గోపాల్‌పూర్ సుమారు 15 కిలోమీటర్లు. ఆదివారం నాన్నగారి సైకిల్ వెనక నేను, ముందు కడ్డీ మీద తమ్ముడు. దారిలో సరుగుడు తోటలు మొదలయ్యాయంటే గాలి ఉప్పగా తగిలేది. లైట్‌హౌస్, ఒడ్డున పాత బంగళాలు, నీళ్ళలో ఇంకా నిలబడి ఉన్న పాతకాలపు రేవు స్తంభాలు. అలలు పెద్దవి, అడుగున లాగుతాయి, మోకాలి లోతు దాటి నాన్నగారు ఎప్పుడూ వెళ్ళనివ్వలేదు.

ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళని ఒడియావాళ్ళు నోళియా అంటారు. వాళ్ళంతా తెలుగువాళ్ళు. గంజాం తీరం పొడుగునా వాళ్ళ పల్లెలే. దుంగలు తాళ్ళతో కట్టిన తెప్పల మీద తెల్లారకుండా వెళ్ళి, ఎండ ఎక్కేసరికి వచ్చేవారు. కవళ్ళు, చందువలు, అదృష్టం బాగుంటే వంజరం. వల దులుపుతున్న ముసలమ్మ ఒకామె నన్ను చూసి, "ఏటమ్మా అలా సూత్తన్నావు, ఎండకి కళ్ళు పోతాయి, ఇలా నీడకి రా" అంది. అచ్చం మా ఇచ్ఛాపురం అత్తయ్య గొంతు. బడిలో వారమంతా ఒడియా మాట్లాడి ఆదివారం సముద్రం ఒడ్డున ఆ మాట వినేసరికి, ఎవరో మా ఇంటి తలుపు ఇక్కడికి తెచ్చి పెట్టినట్టనిపించింది.

ఆ రేవు స్తంభాల వెనుక మా ఇంటి కథ కూడా ఉంది. ఒకప్పుడు గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి ఓడలు వెళ్ళేవి. మా వైపు రంగూన్‌ని "రంగం" అంటారు. రంగం వెళ్ళాడు అంటే పొట్టకూటికి బర్మా వెళ్ళాడని. గంజాం, శ్రీకాకుళం నుంచి వేలమంది అలా వెళ్ళారు. మా తాతకి అన్నగారు, మేం రంగం తాత అనేవాళ్ళం, పెళ్ళి కాకముందే ఓడెక్కి అక్కడ బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. 1941 డిసెంబర్‌లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అడవులగుండా నడిచి ఇండియా వచ్చారు, వేలమంది దారిలోనే పోయారు. రంగం తాత కూడా నడిచే వచ్చాడు. ఇంటికి చేరేసరికి గడ్డం పెరిగి, కాళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని ఉంటే, కన్నతల్లి బిచ్చగాడనుకుని లోపలికి వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చిందట. దారిలో ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. మాకు మాత్రం బర్మా లెక్కలు నేర్పాడు. తిట్, నిట్, తోన్, లే, ఙా. మా సందులో పిల్లలం దాగుడుమూతలు ఆడితే దొంగ కళ్ళు మూసుకుని ఆ బర్మా అంకెలే లెక్కపెట్టేది. ఒడియా పిల్లలూ, తెలుగు పిల్లలూ అందరూ. మినీ ఇప్పటికీ ఫోన్‌లో నవ్వుతూ "తిట్, నిట్" అంటుంది.

వానలు పడ్డాక మా తీరానికి ఇంకో ముఖం వస్తుంది. ఛత్రపురం వైపు పొలాల గట్ల మీద, ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు. మొగలిని అక్కడ కేవడా, కియా అంటారు. గంజాం కేవడాకి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. నాన్నగారి స్నేహితుడికి ఒక అత్తరు భట్టీ ఉండేది, ఒకసారి తీసుకెళ్ళారు. తెల్లారుజామున కోసుకొచ్చిన పూలు గోనె మీద పోసి లెక్కపెడుతున్నారు. మొగలి పువ్వు తూకానికి కొనరు, లెక్కకి కొంటారు. ముళ్ళతో చేతులన్నీ గీతలే ఆ కోసేవాళ్ళకి. రాగి డేగిసాలో పూలు, నీళ్ళు పోసి, మూత మీద తడి మట్టి మెత్తి, కింద కట్టెల మంట. మూతకి వెదురు గొట్టం, ఆ గొట్టం చివర నీళ్ళ తొట్టెలో మునిగిన ఇంకో రాగి కూజా. ఆవిరి అందులోకి దిగి చల్లబడాలి. ఒక మనిషి పని అంతా తొట్టెలో చెయ్యి పెట్టి నీళ్ళు వేడెక్కాయేమో చూడడమే. వేడెక్కితే మార్చాలి. గడియారం లేదు, థర్మామీటర్ లేదు. "ఎలా తెలుస్తుందండీ?" అని అడిగితే నా చెయ్యి పట్టుకుని తొట్టెలో ముంచాడు. "ఇప్పుడు బాగుంది. చెయ్యి తియ్యాలనిపిస్తే మార్చాలి." అంతే చెప్పాడు. ఆ అత్తరు కన్నౌజ్ వ్యాపారులు కొనుక్కెళతారు. బిర్యానీలో, మిఠాయిల్లో వేసే కేవడా నీళ్ళు ఎక్కడో ఒకచోట మా ఊరి పక్కవే అయి ఉంటాయి. హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళలో బిర్యానీ మూత తీసినప్పుడల్లా నాకు ఆ తొట్టె గుర్తొస్తుంది.

తుపాన్లు మాకు కొత్త కాదు. 1999 అక్టోబర్‌లో అందరికీ గుర్తున్న మహా తుపానుకి పది పన్నెండు రోజుల ముందే ఇంకోటి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్. అప్పుడు నేను హైదరాబాద్‌లో టీవీ ముందు. మ్యాపు మీద ఆ తెల్లటి సుడి సరిగ్గా మా ఊరి మీదకి వచ్చి ఆగినట్టుంటే, టెన్షన్‌తో నీళ్ళు కూడా దిగలేదు. మూడు రోజులు ఫోన్లు లేవు. నాలుగో రోజు తమ్ముడు ఇచ్ఛాపురం దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చేశాడు. "అందరం బాగున్నాం అక్కా. సందు మొదట్లో వేపచెట్టు పోయింది. సముద్రం వైపు వెళ్ళాను. మొగలి పొదలు వేళ్ళతో సహా తిరగబడి ఉన్నాయి" అన్నాడు. తీరం పల్లెల జనాన్ని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం చాలా తగ్గింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. నాకు ముందు వినపడింది వేపచెట్టు సంగతే.

ఇప్పుడు ఊరు బాగా పెరిగింది. 2011 లెక్కల్లోనే మూడున్నర లక్షల జనాభా. పొలాలుండే చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మగ్గం తాత పోయాక ఆ గుంట పూడ్చి మీద గచ్చు చేశారు, మనవడు సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడు. గంజాం మగపిల్లలు సగం మంది సూరత్ దారే, ఒకప్పుడు రంగం వెళ్ళినట్టు. మా పిన్ని కూతురి పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. నేను చదవడం నేర్చుకున్న పత్రికల్లాంటివి వాళ్ళకి లేవు. ఇది నాకు బాధగానే ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు బడాబజార్‌లో ఒక పెద్దబాలశిక్ష కోసం మూడు కొట్లు తిరిగాను, దొరకలేదు. ఇచ్ఛాపురం వెళ్ళి తెచ్చిచ్చాను.

అప్పడాలు, ఊరగాయలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. బరంపురం వెళ్ళి అప్పడాలు తేకుండా తిరిగొస్తే మా వీధిలో నన్ను రానివ్వరు. ఈసారి కొట్టు దగ్గర నేను అలవాటు కొద్దీ "పాంపడ కేతే?" అని అడిగాను. కొట్లో పాతికేళ్ళు కూడా ఉండని కుర్రాడు. నా సంచి మీద హైదరాబాద్ షాపు పేరు తెలుగులో ఉంది, అది చూశాడు. "మినుమువా, మిరియాలు వేసినవా అమ్మా? మిరియాలవి బాగుంటాయి, తీసుకెళ్ళండి" అన్నాడు. నేను ఒడియాలో బేరమాడాను. అతను తెలుగులో ఐదు రూపాయలు తగ్గించాడు.

నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే యాత్రకి వాడి మనవడితో పులివేషం కట్టించాలని అమ్మ పట్టుబడుతోందట. పిల్లాడికి నాలుగేళ్ళు. జబ్బేమీ లేదు, మొక్కూ లేదు, అమ్మకి చూడాలని ఉంది, అంతే. "ఘటం మన సందులోకి ఏ రాత్రి వస్తుందో తెలియగానే చెబుతాను, టికెట్లు చేయించుకో" అన్నాడు. మా అమ్మాయిని కూడా తీసుకెళతాను. దానికి బరంపురం అంటే అమ్మమ్మ ఇల్లు, ఏసీ లేని ఇల్లు, అంతవరకే తెలుసు. ఇచ్ఛాపురం దాటాక నిద్రపోనివ్వను. ఆ గొడుగు అక్షరాల బోర్డు వచ్చేదాకా కిటికీ దగ్గరే కూర్చోబెడతాను.